ఎలుతురుకు దండం

మా బాపు గుడికి పోయేవాడు కాదు. దేవుని గూడు ముందు నిలబడగా నేను ఎప్పుడూ చూడలేదు. ఒక్కపొద్దులు ఉండలేదు, మాల వేయలేదు, ఎవరికీ చెయ్యి చూపించుకోలేదు. ఎర్రజెండా యూనియన్ మనిషి. ఏడాదిలో మే డే ఒక్కనాడే ఇస్త్రీ చేసిన అంగీ తొడిగేవాడు. అయినా పొద్దుగూకి ఇంట్లో లైటు వేయగానే ఎక్కడున్నవాడు అక్కడే ఆగేవాడు. కాళ్లకు చెప్పులుంటే విడిచేవాడు. తలెత్తి బల్బు దిక్కు చూసి రెండు చేతులు జోడించేవాడు.

మా దిక్కు దీపం పెట్టగానే, లైటు వేయగానే మొక్కడం కొత్తేమీ కాదు. ఇంటింటా ఉన్నదే. మాట మధ్యలో చెయ్యి నుదుటికి తాకించి మళ్లీ మాటలో పడిపోతారు. బాపుది అట్లా ఉండేది కాదు. కళ్లు మూసేవాడు కాదు, పెదవులు కదిపేవాడు కాదు. దూరం ఊరి నుంచి వచ్చిన చుట్టాన్ని గుమ్మంలో చూసినట్టు చూసేవాడు. ఆ తర్వాత అరచేతులు కళ్లకు అద్దుకుని, "ఏం ఒండినవ్?" అని అవ్వను అడిగేవాడు.

చిన్నప్పుడు ఒకసారి అడిగాను.

"ఎవలికి మొక్కుతున్నవ్ బాపూ?"

"ఎలుతురుకు బిడ్డా."

అంతకుమించి చెప్పలేదు. నేనూ అడగలేదు. మిగతాది తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మేము వరంగల్ ఆజంజాహీ మిల్లు క్వార్టర్లలో ఉండేవాళ్లం. రెండు అర్రలు, ముందర చిన్న వాకిలి, వాకిట్లో నల్లా. 1934లో మొదలైన మిల్లు అది. ఏడో నిజాం కొడుకు ఆజం జా పేరు పెట్టారు. బాపు అందులో దారం తీసే ఖాతాలో పనిచేసేవాడు. మిల్లు కూత మాకే కాదు, చుట్టుపక్కల బస్తీలకంతా గడియారం. కూత వింటే బియ్యం కడిగేవాళ్లు, కూత వింటే పిల్లలను లేపేవాళ్లు. షిఫ్టు దిగి వచ్చేసరికి బాపు తల మీద, కనుబొమ్మల మీద, చెవుల్లో దూది నుసి ఉండేది. వాకిట్లో కూర్చుంటే అవ్వ తడిగుడ్డతో చెవులు తుడిచేది. మా ఇంట్లో రోజూ తప్పకుండా జరిగిన సేవ అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

అవ్వకు మాత్రం దేవుళ్లు ఎంతమందైనా చాలేవాళ్లు కాదు. శ్రావణంలో పోచమ్మకు బోనం. కురవి వీరన్నకు కోడె. సంక్రాంతికి ఐలోని మల్లన్నకు ముగ్గుతో వేసే పట్నం. నెలకో రెండు నెలలకో అన్నారం పోయి యాకూబ్ షావలి దర్గాలో ఊదు వేసి, కండ్లకు అద్దుకున్న చక్కెర కొంగున కట్టుకుని వచ్చేది. ఇంతమందిలో ఎవరు హిందువులు, ఎవరు తురకలు అనే లెక్క ఆమెకు రాలేదు. ఆమెకే కాదు, ఓరుగల్లు జిల్లాలో ఆ తరం తల్లుల్లో చాలామందికి రాలేదు.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా బడిలో సారు హాజరు పిలిచేటప్పుడు వినాలి. సమ్మయ్య, సారక్క, యాకయ్య, యాకమ్మ, కొమురయ్య, ఐలయ్య, వీరన్న. ఎవరి తల్లి ఎక్కడ కొంగు పట్టి బిడ్డను అడిగిందో పేరులోనే తెలిసేది. సమ్మయ్య, సారక్క మేడారం పిల్లలు. కొమురయ్య కొమురెల్లి మల్లన్న ఇచ్చినవాడు. యాకయ్య, యాకమ్మ అన్నారం దర్గా పేరు మోసుకున్నవాళ్లు, ఇంటి దగ్గర నుదుట బొట్టు పెట్టుకున్నవాళ్లే. హైదరాబాద్‌లో నాతో పనిచేసిన ఒకామెకు యాకమ్మ అనే పేరు ఎట్లా వచ్చిందో చెబితే నమ్మలేదు. నాకు అది విచిత్రమని అంతవరకు తెలియనే తెలియదు.

అమ్మమ్మ వాళ్ల ఊరు ఆత్మకూరు దగ్గర. పీర్ల పండుగకు అక్కడికే పోయేవాళ్లం. మా తాత పద్మశాలి, మగ్గం మీద బతికిన మనిషి. ఆ పది రోజులు మగ్గం గుంటలోకి దిగేవాడు కాదు. పీరు ఎత్తేది ఆయనే. తెల్లధోవతి కట్టి, మెడలో కుడుకల దండ వేసుకుని, డప్పులు ఉరుముతుంటే గుండం చుట్టూ తిరిగేవాడు. నిప్పుల సెగకు తాత ముఖం రాగి చెంబులా మెరిసేది. పీరు మా ఇంటి ముందుకు రాగానే అమ్మమ్మ బిందెతో నీళ్లు తెచ్చి ఆయన కాళ్ల మీద పోసేది. పొద్దున్నే "కట్టెలు తెమ్మంటే తేవు" అని తిట్టిన మొగుడి కాళ్లే అవి. నీళ్లు పోసి, ఆ తడిమట్టి వేలితో తీసి నా నుదుట పెట్టేది. మలీద ముద్ద చేతిలో పెట్టేది. ఆ మట్టి చల్లదనం, మలీదలో బెల్లం తీపి, ఊదు పొగ వాసన ఇప్పటికీ నాకు విడివిడిగా గుర్తుకు రావు. ఒక్కటిగానే వస్తాయి.

బతుకమ్మకు మాత్రం బాపు ముందుండేవాడు. సైకిలు వెనక తంగేడు, గునుగు మోపుకట్టి తెచ్చేవాడు. గునుగు పూలకు వేయడానికి మిల్లులో రంగుల ఖాతా దోస్తు దగ్గర కాగితంలో పొట్లం కట్టించుకుని ఎర్ర రంగు, పచ్చ రంగు తెచ్చేవాడు. "పూలకు మొక్కుడు నాకు సమ్మతమే" అనేవాడు. పసుపు గౌరమ్మను పూల మీద కూర్చోబెట్టి ఉర్సు చెరువు దాకా పోయి నీళ్లలో వదిలి వచ్చేవాళ్లం. తొమ్మిది రోజులు చేతులారా పేర్చింది నీళ్లపాలు చేసి నవ్వుకుంటూ ఇంటికి రావడం మా ఆడవాళ్లకు తెలిసిన విద్య.

1979 వానకాలంలో మా తమ్ముడు పోయాడు. నాలుగేళ్లవాడు. జ్వరం వచ్చింది, రెండో రోజు ఫిట్స్ వచ్చాయి, ఆస్పత్రిలో మూడు రోజులు ఉన్నాడు. ఆ మూడు రోజులూ అవ్వ మంచం కోడు పట్టుకుని మొక్కని దేవుడు లేడు. ఆఖరి రాత్రి మేడారం తల్లులకు మొక్కింది. పిల్లవాడు లేచి తిరిగితే నిలువెత్తు బంగారం తూకమేస్తానని. మేడారంలో బంగారం అంటే బెల్లమే. తెల్లారేసరికి పోయాడు.

దీని గురించి ఇంతకుమించి రాయలేను. తర్వాత జరిగింది రాస్తాను.

పరామర్శకు వచ్చినవాళ్లలో చుట్టాల పెద్దమనిషి ఒకాయన వాకిట్లో కూర్చుని, అందరూ వినేటట్టు, "ఇంటాయనకు నమ్మకం లేకుంటె అది పిల్లల మీదికే ఒస్తది" అన్నాడు. బాపు అక్కడే ఉన్నాడు. మారు మాట్లాడలేదు. యూనియన్ మీటింగులో వందల మంది ముందు గొంతెత్తి మాట్లాడే మనిషి ఆ రోజు నేల చూపు చూస్తూ కూర్చున్నాడు. అవ్వ ఆ మాట నమ్మింది. ఆమెను నేను తప్పు పట్టను. కడుపు మండుతున్నప్పుడు ఎవరో ఒకరి తప్పు ఉండాలి, లేకపోతే ఆ మంట పెట్టుకోవడానికి చోటుండదు.

ఆ రోజు నుంచి అవ్వ ఇంట్లో లైటు వేయడం మానేసింది. దేవుని గూట్లో దీపం కూడా లేదు. పొద్దుగూకితే చీకట్లోనే వండేది, పొయ్యి వెలుగు ఎంతో అంతే. బాపు షిఫ్టు దిగి వచ్చి గుమ్మంలో ఒక్క నిమిషం నిలబడేవాడు. స్విచ్చు చేతికందే దూరంలోనే ఉండేది. వేసేవాడు కాదు. పోయి అవ్వకు కొంచెం ఎడంగా చీకట్లో కూర్చునేవాడు. నేను పక్కింట్లో చదువుకుని వచ్చేదాన్ని. అట్లా ఎన్ని నెలలో. ఆ చీకట్లో ఇద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు.

మాఘమాసం దగ్గరపడింది. 1980 జాతర. ఒకరోజు అన్నం ముందు కూర్చుని బాపు అన్నాడు, "మేడారం పోదాం. బంగారం తూకమేద్దాం."

అవ్వ తలెత్తలేదు. "ఎవలికని ఏత్తవు? పిలగాడు బతికితె గద మొక్కు."

"నువ్వు మాటిచ్చినవ్ గద. వాళ్లు ఇయ్యలేదని మనం ఎగ్గొడ్తమా?"

నాకు అప్పుడు పదకొండేళ్లు. ఆ మాట అర్థం కాలేదు కానీ అవ్వ చేతిలో అన్నం ముద్ద ఆగిపోవడం మాత్రం చూశాను.

బాపు జీతంలో అడ్వాన్సు తీసుకున్నాడు. అమ్మమ్మ ఊరి నుంచి ఎడ్ల బండ్లు బయలుదేరాయి, వాటితో మేమూ పోయాం. ములుగు దాటకముందే గట్టమ్మ దగ్గర ఆగి మొదటి మొక్కు తీర్చారు. పస్రా దాటాక అడవి చిక్కబడింది. రాత్రి బండ్లు విప్పి చెట్ల కింద వండుకున్నాం. ఎటు చూసినా పొయ్యిలే, నేల మీద చుక్కలు పొడిచినట్టు. అవ్వ ఎవరితోనూ కలవలేదు. బాపు ఎడ్లకు నీళ్లు తాపి వచ్చి, ఆమె కప్పుకున్న దుప్పటి కొస కాళ్ల మీదికి జరిపి, దూరంగా పోయి పడుకున్నాడు.

జంపన్న వాగులో స్నానాలు చేశాక బెల్లం దుకాణాల దగ్గరికి పోయాం. పెద్ద కాంటాలు. ఒక పళ్లెంలో మనిషి కూర్చుంటే రెండో పళ్లెంలో బెల్లం వేస్తున్నారు. పిల్లలు కూర్చుని కిలకిలా నవ్వుతున్నారు. మా వంతు వచ్చింది. దుకాణమాయన మా ముగ్గురినీ చూసి, "ఎవలు కూసుంటరు?" అన్నాడు.

బాపు అంగీ జేబులో చెయ్యి పెట్టి మడతపెట్టిన కాగితం తీశాడు. ఆస్పత్రి చీటీ. చేర్చుకున్నరోజు తమ్ముణ్ని తూచి రాసిన బరువు దాని మీద ఉంది. ఆ చీటీ ఆయన దాచాడని నాకు తెలియదు, అవ్వకూ తెలియదు.

"పదమూడున్నర" అన్నాడు బాపు.

దుకాణమాయన చీటీని చూశాడు, బాపును చూశాడు, కొంగు నోట్లో కుక్కుకున్న అవ్వను చూశాడు. ఏమీ అడగలేదు. బాట్లు వేసి, బెల్లం ముద్దలు ఒక్కొక్కటే పేర్చాడు. ముల్లు సమానమయ్యాక ఇంకో చిన్న ముద్ద తీసి పైన పెట్టాడు. దానికి పైసలు తీసుకోలేదు.

బాపు ఆ బెల్లం మూటను ఎడమ భుజానికి ఎత్తుకున్నాడు. తమ్ముణ్ని ఎప్పుడూ ఆ భుజానికే ఎత్తుకునేవాడు. కుడిచెయ్యితో నన్ను పట్టుకున్నాడు. గద్దెల దాకా జనంలో ఎట్లా పోయామో తెలియదు, జనమే తీసుకుపోయింది. డోళ్ల మోత, శిగమూగే ఆడవాళ్ల కేకలు, పసుపు, కుంకుమ, గాల్లో ఎగిరే కొబ్బరి ముక్కలు. నేను అమ్మవారి ముఖం కోసం వెతికాను. అక్కడ ముఖం లేదు. విగ్రహం లేదు. గద్దె, దాని మీద వెదురు. చిలుకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్కను కోయ పూజారులు, వడ్డెలు, తెస్తారని, కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుందని అమ్మమ్మ బండిలో కథలాగా చెప్పింది. ముఖం లేదని మాత్రం చెప్పలేదు. కప్పం కట్టలేమని కాకతీయుల మీద తిరగబడిన తల్లి, యుద్ధంలో దెబ్బతిని గుట్ట దిక్కు నడిచిపోయి, వెతికితే కుంకుమ భరిణె తప్ప దొరకని తల్లి అని మాత్రం చెప్పింది. దొరకని మనిషి కోసమే ఇంతమంది వచ్చారని నేను అక్కడ నిలబడి అనుకున్నాను. మేమూ అట్లాగే వచ్చాం కదా అని కూడా అనుకున్నాను. పదకొండేళ్ల పిల్లకు అంత ఆలోచన ఉంటుందా అని ఎవరైనా అడగొచ్చు. తమ్ముడు పోయిన పిల్లకు ఉంటుంది.

బాపు మూటను అవ్వ చేతుల్లో పెట్టాడు. అవ్వ వదలలేకపోయింది. వెనక జనం నూకుతున్నారు, "ఏయ్ అక్కా, ఏయ్" అని అరుస్తున్నారు. ఆమె ఆ మూటను ఛాతీకి గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది. బాపు తన చేతులు ఆమె చేతుల కింద పెట్టాడు. తొందరపెట్టలేదు. జనం నూకుడుకు ఒళ్లు ఊగుతున్నా నిలబడ్డాడు. చివరికి ఇద్దరూ కలిసి వదిలారు. అప్పుడు బాపు చేతులు జోడించాడు. ఇంట్లో బల్బుకు జోడించినట్టే, కళ్లు తెరుచుకుని.

తిరుగు దారిలో బండి వెనక నడుస్తూ అడిగాను. "ఏం మొక్కినవ్ బాపూ?"

"ఏం అడగలే బిడ్డా. యాది చేసుకున్న."

ఇంటికి చేరిననాడు పొద్దుగూకగానే అవ్వ లేచి లైటు వేసింది.

తర్వాత కొన్నేళ్లు అవ్వ కొత్తవాడలో షత్రంజీలు, అంటే నేల మీద పరిచే జంపఖానాలు, నేసే ఒక ముసలాయన ఇంటికి పున్నమి పున్నమికి పోయేది. అచలం బోధించే గురువు ఆయన. గుడి లేదు, విగ్రహం లేదు, వచ్చినవాళ్ల కులం అడిగేది లేదు. ఏకతార మీటుతూ తత్వాలు పాడేవాళ్లు. 'ఎరుక', 'బయలు' అనే మాటలు నేను మొదట విన్నది అక్కడే. ఈ 'నేను', 'నాది' అనే ఎరుకంతా వచ్చిపోయేదే, బయలు ఒక్కటే ఉన్నది అనేవాళ్లు. నాకు బయలు అంటే మా క్వార్టర్ల వెనక ఖాళీ జాగా. తమ్ముడు అక్కడే ఆడుకునేవాడు. అందుకని ఆ మాట నాకు చాలా నచ్చింది. బాపు లోపలికి రాలేదు. సైకిలు స్టాండు వేసి బయట బీడీ తాగుతూ, పాట అయ్యేదాకా కూర్చుని, అవ్వను ఎక్కించుకుని వచ్చేవాడు.

కాకతీయ యూనివర్సిటీలో చేరాక నాకు రెక్కలు వచ్చాయి. అప్పటి వరంగల్ క్యాంపస్‌లో దేవుడు లేడని చెప్పడానికి ధైర్యం అక్కరలేదు, ఉన్నాడని చెప్పడానికే కావాలి. పుస్తకాలు చదివాను, వాదించాను. ఒక సాయంత్రం బాపు బల్బుకు దండం పెడుతుంటే, "ఇది సుత మూఢనమ్మకమే బాపూ, నువ్వు యూనియన్ మనిషివి" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. పక్కన కూర్చోమన్నాడు.

బాపు చిన్నతనంలో వాళ్ల ఊరికి కరెంటు లేదు. వాళ్ల నాయిన, అంటే నాకు బాపు దిక్కు తాత, రాత్రి కూడా నేసేవాడు. మగ్గం పక్కన కందిలి. నూనె ఖర్చని వత్తి కొంచెమే లేపేవాడు. నల్లంచు చీర నేసేటప్పుడు పోగు తెగితే వంగి వంగి వెతికేవాడు. యాభై దాటకముందే చూపు మందగించింది, తర్వాత మొత్తం పోయింది. ఊరికి కరెంటు వచ్చిననాడు వాడకట్టంతా బల్బు చుట్టూ చేరి కేరింతలు కొట్టింది. తాత మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని, "ఒచ్చిందా? ఎట్లుంది?" అని అందరినీ అడిగాడట.

"ఈ ఎలుతురు పదేండ్ల ముందర ఒస్తె మా నాయిన కండ్లు పోకపోవు" అన్నాడు బాపు. "లైటేసినప్పుడల్ల ఆయన యాదికొస్తడు. ఇంకోటి. ఈ బల్బు ఊరికె ఎలుగుతదా? బాయిల దిగి బొగ్గు తీసెటోడున్నడు. రామగుండంల పొయ్యి కాడ నిలబడెటోడున్నడు. వానల కంబమెక్కెటోడున్నడు. గా మనుషులు నాకు కనపడరు. కనపడనోళ్లకు దండం పెడితె తప్పా?"

నా దగ్గర జవాబు లేదు.

ఆ ఆదివారమే అనుకుంటాను, నన్ను సైకిలు మీద హనుమకొండ తీసుకుపోయాడు. గుడికి పోని మనిషి వేయిస్తంభాల గుడికి తీసుకుపోయాడు. కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి, శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు. బాపు ఏ గర్భగుడి ముందూ ఆగలేదు. స్తంభాల దగ్గర ఆగాడు. నల్లరాతి స్తంభం అద్దంలా ఉంది, అందులో మా ఇద్దరి ముఖాలు మసకగా కనపడ్డాయి. అరచెయ్యి దాని మీద పెట్టి పైనుంచి కిందికి మెల్లగా నిమిరాడు, పన్నెండు గంటల పని చేసి వచ్చిన దోస్తు వీపు నిమిరినట్టు. "ఎన్నొద్దులు రుద్దిండో" అన్నాడు. "పేరు సుత రాసుకోలే సూడు." తర్వాత ఆ చెయ్యి కళ్లకు అద్దుకున్నాడు.

ఆ గుడి కల్యాణ మండపాన్ని తర్వాత రాయి రాయి విప్పి, ఏళ్ల తరబడి అట్లాగే ఉంచి, 2024 శివరాత్రినాడు మళ్లీ తెరిచారు. నేను పోయాను. స్తంభాల మధ్య నిలబడి, వీటిని ఎత్తి మళ్లీ నిలబెట్టినవాళ్ల చేతుల గురించే ఆలోచించాను. గర్భగుడిలో హారతి ఇస్తుంటే గంటలు మోగాయి. అదీ బాగుంది.

నన్ను చాలామంది అడుగుతారు, నువ్వు నమ్ముతావా నమ్మవా అని. గుళ్లో నాతోపాటు కనపడినవాళ్లు తమ మనిషి అనుకుంటారు. నేను ఇంట్లో పూజలు చేయనని తెలిసినవాళ్లు వాళ్ల మనిషి అనుకుంటారు. ఫారాల్లో మతం గడి దగ్గర నా పెన్ను ఆగుతుంది, అవ్వ మనసు నొచ్చుకుంటుందని ఇంట్లో రాసేదే రాస్తాను. నాకు మాత్రం తేల్చుకోవాలనే తొందర లేదు. కాజీపేట ఫాతిమా చర్చిలో ఎవరూ లేని మధ్యాహ్నం వెనక బెంచీ మీద కూర్చున్నాను. కాజీపేట దర్గాలో మా అత్తమ్మతో ఊదు వేశాను. భద్రకాళి చెరువు కట్ట మీద ఒక్కదాన్ని నడిచాను. అన్నిచోట్లా నేను చేసేది ఒకటే పని. పోయినవాళ్లను, కనపడకుండా నన్ను మోస్తున్నవాళ్లను ఒక్కొక్కరినీ తలుచుకుంటాను. ఆ తలుచుకునేటప్పుడు నా లోపల ఏదో సర్దుకుంటుంది, కాంటా ముల్లు నిలబడ్డట్టు. అడగడం నాకు చేతకాదు. అడిగి ఇవ్వకపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను. యాది చేసుకోవడం వచ్చు. అది నా దగ్గర నుంచి ఎవరూ తీసుకుపోలేరు, దానికి ఎవరి మధ్యవర్తిత్వమూ అక్కరలేదు. మధ్యవర్తులు చెడ్డవాళ్లని కాదు. మా వాకిట్లో కూర్చుని ఆ మాట అన్న పెద్దమనిషిని కూడా ఇప్పుడు తిట్టుకోను. కానీ ఒకరి దుఃఖానికి దేవుడి పేరుతో లెక్క చెప్పే హక్కు ఎవరికీ లేదని మాత్రం గట్టిగా నమ్ముతాను.

2002లో మిల్లు మూతపడింది. కూత ఆగిపోయింది. కొన్ని నెలలు బాపు ఆ వేళకు తానే లేచి కూర్చునేవాడు. క్వార్టర్లు వదిలి హనుమకొండలో నా ఇంటికి వచ్చారు. మిల్లు జాగాలో ప్లాట్లు పడ్డాయి.

2009లో బాపు కుడిపక్క మనుషులను ఢీకొట్టడం మొదలుపెట్టాడు. డాక్టరుకు చూపిస్తే నీటికాసులు, గ్లకోమా అన్నారు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కలతో కాపాడుకోవాలి అన్నారు. ఇది కుటుంబాల్లో వచ్చే జబ్బని, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా చూపు పోయిందా అని అడిగారు. బాపు తాత సంగతి చెప్పాడు. డాక్టరు మెల్లగా, ఆయనకూ ఇదే అయి ఉండొచ్చు, కందిలి వెలుగులో నేసినందుకు చూపు పోదు అన్నారు.

ఆటోలో ఇంటికి వచ్చేటప్పుడు బాపు చాలాసేపు మాట్లాడలేదు. యాభై ఏళ్లు ఆయన దండం వెనక ఉన్న కథ అది. నాకు భయమేసింది. ఆ సాయంత్రం లైటు వేసి ఆయన దిక్కు చూశాను. చేతులు జోడించాడు. ఎప్పటికంటే కొంచెం ఎక్కువసేపు ఉన్నాడు. నేను ఏడాదికోసారి కళ్లు పరీక్ష చేయించుకుంటాను, మా అబ్బాయికీ చేయిస్తాను. తాత నుంచి బాపు దాకా వచ్చింది కదా.

2012 నాటికి చూపు పూర్తిగా పోయింది. అయినా పొద్దుగూకే వేళ తెలిసేది. పక్షుల అరుపుతోనో, పక్కింటి కుక్కర్ కూతతోనో. మంచం మీద లేచి కూర్చుని, నేను స్విచ్చు వేయగానే చేతులు జోడించేవాడు. అంతలో నేను ఇంట్లో బల్బులన్నీ తీసి తెల్లగా వెలిగే కొత్త రకం పెట్టించాను, కరెంటు బిల్లు తగ్గుతుందని. ఆ సాయంత్రం బాపు మంచం మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు.

"లైటెయ్యలేదా బిడ్డా?"

"ఏసిన బాపూ. ఎలుగుతంది."

"లేదు." ముఖం పైకెత్తి అటూ ఇటూ తిప్పాడు. "నొసటికి తగుల్తలేదు."

అప్పుడు తెలిసింది నాకు. పాత బల్బు మంచానికి తక్కువ ఎత్తులో ఉండేది. దాని వేడి ఆయన నుదుటికి తగిలేది. కళ్లు లేని ఆ మనిషి వెలుగును చర్మంతో చూస్తున్నాడు. కొత్త బల్బుకు ఆ వేడి లేదు.

చౌరస్తా దాకా పోయి మూడు దుకాణాలు తిరిగి అరవై వాట్ల గుండు బల్బు తెచ్చాను. మూడో దుకాణంలో అట్టపెట్టె మీద దుమ్ము తుడిచి ఇచ్చాడు. హోల్డరుకు వైరు పొడిగించి, బాపు కూర్చుంటే తలకు రెండు జానల ఎత్తులో వేలాడదీశాను. స్విచ్చు వేశాను. వేడెక్కడానికి కొంచెంసేపు పట్టింది. బాపు ముఖం ఎత్తి పట్టుకుని ఉన్నాడు. నొసటి ముడతలు మెల్లగా విడిపోవడం నేను చూశాను. చేతులు జోడించాడు.

2014 వానకాలంలో పోయాడు. కర్మలు ఎట్లా చేయాలని చుట్టాలు అడిగితే అవ్వ, "ఆయనకు దేనికీ అడ్డం లేదు, మీకెట్ల తోస్తె అట్ల చేయుండ్రి" అంది. పదకొండో రోజు అందరూ పోయాక పొద్దుగూకింది. బాపు మంచం ఖాళీగా ఉంది. అవ్వ లేచి ముందు దేవుని గూటి దిక్కు పోలేదు. స్విచ్చు వేసి, ఆ గుండు బల్బు కింద నిలబడి దండం పెట్టింది. తర్వాతే గూట్లో దీపం ముట్టించింది. ఇప్పటికీ అదే వరస.

ఆ బల్బు ఇంకో మూడేళ్లు వెలిగింది. ఒకరోజు మాడిపోయింది. తీసి పారేయబోతే అవ్వ నా చేతిలో నుంచి తీసుకుంది. దేవుని గూట్లో గౌరమ్మ పక్కన, అన్నారం ఊదు పొట్లం పక్కన పెట్టింది. వాటి కింద బాపు దాచిన తమ్ముడి ఆస్పత్రి చీటీ ఉంది, మడతల దగ్గర చిరిగి, ఒక మూల బెల్లం మరకతో. శుక్రవారం గూడు తుడిచేటప్పుడు బల్బును కూడా కొంగుతో తుడుస్తుంది. మొన్న మా అబ్బాయి దాన్ని తీసి చెవి దగ్గర ఊపాడు. నేనూ తీసుకుని ఊపి విన్నాను. లోపల తెగిన తీగ సన్నగా మోగుతోంది.